తెల్లారుజామున ట్రాక్టర్ లేవకపోతే: పాఠకుల ప్రశ్నలకు మెకానిక్ జవాబులు

చలి మొదలైన దగ్గర్నుంచి నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఒక్క విషయం మీదే. పొద్దున్నే ట్రాక్టర్ లేవట్లేదు, ఏ ఆయిల్ పోయాలి? యాసంగి దమ్ములకు తెల్లారేసరికి పొలంలో దిగాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి లోడు వేసుకుపోయేవాళ్లు చీకటితోనే బయల్దేరాలి. ఆ వేళకు బండి మొరాయిస్తే కూలీల డబ్బులు కూడా రైతు మీదే పడతాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. నర్సంపేట రోడ్డులోని నా షెడ్డుకు వచ్చే బండ్ల దగ్గర నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ.

ప్రశ్న: మాది ఇచ్చోడ మండలం. పాత మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఉంది. శనగ చేనుకు మందు కొట్టే నీళ్లు తీసుకుపోదామంటే పొద్దుగాల ఇంజిన్ లేస్తలేదు. పది గంటలకు ఎండ పడ్డాక ఒక్క సెల్ఫ్‌కే లేస్తది. ఆయిల్ గడ్డ కట్టింది, 5డబ్ల్యూ-30 సింథటిక్ పొయ్యమని షాపతను అంటున్నడు. దాని ధర వింటేనే టెన్షన్ అయితుంది. పొయ్యాల్నా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ డబ్బా కొనకండి. ఎండ పడ్డాక ఒక్క సెల్ఫ్‌కే లేస్తోందంటే ఇంజిన్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కే బలం) పూర్తిగా పోలేదు, డీజిల్ చిమ్మే నాజిళ్లు మరీ చెడిపోలేదు. చలికి ఏదో ఒకటి బలహీనపడుతోంది. అది ఆయిలే కావచ్చు గానీ, నేను చూసిన బండ్లలో ఎక్కువసార్లు అది బ్యాటరీ, లేదా బ్యాటరీ వైర్లు.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారో పదిహేడో వంతుకు నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులో పడిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. ఇదంతా గబగబా జరిగిపోవాలి. సెల్ఫ్ మెల్లగా తిరిగితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది. ఉన్న కాస్త వేడినీ చల్లటి లైనరు, హెడ్డు లాగేసుకుంటాయి. కాబట్టి చలి పొద్దున మొదట చూడాల్సింది ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందన్నదే. నిమిషానికి నూటయాభై చుట్లన్నా తిరగాలి. దీనికి మీటరు అక్కర్లేదు. మధ్యాహ్నం సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి, మర్నాడు తెల్లారుజామున ఇంకోసారి చేయండి. రెండూ వెంటవెంటనే వినండి. పొద్దుటిది ఈడ్చుకుంటూ తిరిగినట్టుంటే లోపం బ్యాటరీ వైపు, లేదా ఆయిల్ వైపు. రెండూ ఒకేలా వినిపిస్తే డీజిల్ వైపు, గాలి వైపు వెతకాలి.

సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ మీద కూడా ఒక కన్నేయండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి పోతోంది, మండటానికి వేడి చాలట్లేదు. పొగే లేకపోతే డీజిల్ నాజిల్ దాకా రావట్లేదు. అప్పుడు ఫిల్టరు, డీజిల్ పైపుల్లో ఎయిర్ పట్టడం, ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి రాకపోవడం, ఇవి చూసుకోవాలి. ఈ ఒక్క తేడా తెలియక, డీజిల్ రాని బండికి కొత్త బ్యాటరీ కొన్నవాళ్లను చూశాను.

బ్యాటరీ పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండి మీద పొద్దున్నే మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ పని అయిపోవస్తోంది, లేదా ఛార్జింగ్ సరిగ్గా లేదు. పదిన్నర దగ్గరే నిలబడి సెల్ఫ్ మాత్రం మెల్లగా తిరిగితే వైర్లను అనుమానించండి. మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరు దగ్గరే బలం పోతోంది. సెల్ఫ్ మోటార్ రెండు మూడు వందల ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటుకు కాస్త తుప్పు కూడా పెద్ద అడ్డమే. పెయింట్ మీద బిగించిన ఎర్త్ బోల్టు, తెల్లటి పొడి పట్టిన టెర్మినల్, రెండు మూడు పోగులే మిగిలిన పాత కేబుల్, ఇవన్నీ ఎండాకాలంలో ఎలాగో లాక్కొస్తాయి, చలికాలంలో దొరికిపోతాయి. వేడినీళ్లలో తినే సోడా కలిపి టెర్మినళ్లు కడగండి. నీళ్లు సెల్స్‌లోకి పోనీయకండి. గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త వాజిలిన్ పూయండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు పోయవద్దు. మన బోరు నీళ్లలోని ఉప్పు ప్లేట్లను తినేస్తుంది.

ఇంకో రెండు సంగతులు. సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కండి. న్యూట్రల్‌లోనే ఉంది కదా అని వదిలేస్తే, గేర్‌బాక్సులో చల్లబడి చిక్కబడ్డ ఆయిల్‌లో మునిగిన గేర్లను కూడా ఆ సెల్ఫే తిప్పాలి. రెండోది, మీ బండి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) మీద హీటరు ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో తాళాన్ని ఒక మెట్టు తిప్పి పట్టుకుంటే అందులో కాయిల్ ఎర్రబడుతుంది, దాని మీద పడే కొద్దిపాటి డీజిల్ మండి లోపలికి పోయే గాలిని వేడి చేస్తుంది. మాన్యువల్ చెప్పినంతసేపు, మామూలుగా ఒక పదిహేను ఇరవై సెకన్లు, అలా పట్టుకుని తర్వాత సెల్ఫ్ కొట్టాలి. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో చాలావాటికి ఆ వైరు ఎప్పుడో తెగిపోయి వేలాడుతుంటుంది. బండి చేతులు మారేసరికి, అలాంటిదొకటి ఉందని కొత్త యజమానికి చెప్పేవాళ్లే ఉండరు. పాత రకం డీజిల్ పంపు ఉన్న బండి అయితే చేతి యాక్సిలరేటర్ సగం వరకు పెట్టి కొట్టండి. సెల్ఫ్ ఒక్కసారికి పది పదిహేను సెకన్లు మించకూడదు. మధ్యలో ఒక నిమిషం ఆగండి, బ్యాటరీ తేరుకుంటుంది, సెల్ఫ్ మోటార్ చల్లబడుతుంది.

ఇక ఆయిల్. ఇప్పుడు ఇంజిన్‌లో ఏముందో మీరు రాయలేదు. మోనోగ్రేడ్ 40 (డబ్బా మీద ఒకే అంకె ఉండే ఆయిల్) ఉంటే మాత్రం మార్చండి, మీ చలికి అది నిజంగానే చిక్కన. చలికీ వేడికీ రెండంకెలుండే మల్టీగ్రేడ్ 15డబ్ల్యూ-40 పోస్తే మొదటి పొద్దుటే సెల్ఫ్ చప్పుడులో తేడా తెలుస్తుంది. ఇప్పటికే 15డబ్ల్యూ-40 ఉంటే మీకు అదే చాలు. 15డబ్ల్యూ అని డబ్బా మీద రాయాలంటే ఆ ఆయిల్ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఇంజిన్‌ను తిరగనిచ్చేంత పల్చగా ఉందని పరీక్షలో తేలాలి. ఆదిలాబాద్ జిల్లాలో చలి బాగా ముదిరిన రాత్రుల్లో ఆరేడు డిగ్రీలకు దిగుతుంది. ఆ లెక్కన 15డబ్ల్యూకు మీ చలి ఒక లెక్క కాదు. 5డబ్ల్యూకు పెట్టే పరీక్ష మైనస్ 30 దగ్గర. లద్దాఖ్‌లో అవసరమయ్యే గుణానికి ఇచ్చోడలో డబ్బు పెట్టడం దేనికి? పైగా వేడిలో చిక్కదనం చెప్పే దాని రెండో అంకె 30. మే నెలలో 44 డిగ్రీల ఎండలో రోటవేటర్ లాగుతున్నప్పుడు బేరింగుల మధ్య 40 నిలబెట్టినంత మందం పొరను 30 నిలబెట్టలేదు. మీరు మిగుల్చుకున్న ఆ డబ్బుతో మంచి ఎర్త్ కేబుల్ వేయించండి.

ప్రశ్న: పరకాల దగ్గర మా ఊరు. షాపులో 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ ట్రాక్టర్ ఆయిలే అంటారు. ఒక డబ్బా మీద సీఎఫ్-4, ఇంకోదాని మీద సీఐ-4 ప్లస్, మరోదాని మీద సీకే-4 అని ఉంది. ధరల్లో చాలా తేడా. ఏది తీసుకోవాలి సార్?

జవాబు: డబ్బా మీద బొమ్మలు, బంగారు రంగు వదిలేసి రెండే రెండు చదవండి. ఒకటి చిక్కదనం, రెండోది నాణ్యత.

చిక్కదనం అంటే ఎస్‌ఏఈ అంకె, 15డబ్ల్యూ-40 లాంటిది. మొదటి భాగం చలిలో ఎలా ఉంటుందో చెబుతుంది, రెండో భాగం వేడిలో. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండూ వేడెక్కాక ఒక్కటే. 100 డిగ్రీల దగ్గర రెండింటి చిక్కదనమూ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్యే ఉండాలి. తేడా అంతా పొద్దున్నే. 20డబ్ల్యూకు చలి పరీక్ష మైనస్ 15 దగ్గర పెడతారు, అంటే మన పరకాల, వరంగల్ చలికి అదీ తట్టుకుంటుంది. కానీ పల్చటిది ఆయిల్ పంపు నుంచి ఇంజిన్ పైన వాల్వులను కదిపే రాకర్ల దాకా త్వరగా చేరుతుంది. చల్లటి ఇంజిన్ లేచిన మొదటి కొన్ని సెకన్లలో పైన ఆయిల్ లేకుండా తిరిగే అరుగుదలే ఇంజిన్ ఆయుష్షును ఎక్కువగా తింటుంది. అందుకే మాన్యువల్ రెండింటికీ ఒప్పుకుంటే నేను 15డబ్ల్యూ-40 పోస్తాను. మాన్యువల్ 20డబ్ల్యూ-40 మాత్రమే అంటే, వారంటీ ఉన్నన్నాళ్లు అదే పోయండి, భయపడాల్సిందేమీ లేదు.

నాణ్యత అంటే ఏపీఐ అక్షరాలు, సీఎఫ్-4, సీఐ-4 లాంటివి. మొదటి అక్షరం 'సీ' అయితే డీజిల్ ఇంజిన్‌కు, 'ఎస్' అయితే పెట్రోలుకు. కారు ఆయిల్ మిగిలిందని 'ఎస్' మాత్రమే ఉన్నది ట్రాక్టర్‌లో పోయవద్దు. 'సీ' పక్కన రెండో అక్షరం ముందుకు పోయినకొద్దీ కొత్త ప్రమాణం. సీఎఫ్-4 1990 నాటిది, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. మసిని పట్టి ఉంచడం, ఆమ్లాన్ని అణచడం, రింగుల దగ్గర గట్టిపడకుండా ఉండటం, ఇవన్నీ ఒక్కో మెట్టుకు మెరుగవుతూ వచ్చాయి. కొత్త ప్రమాణం ఆయిల్‌ను పాత ఇంజిన్‌లో పోయవచ్చు. పాత ప్రమాణాన్ని కొత్త ఇంజిన్‌లో పోయకూడదు.

మీ బండి 50 హెచ్‌పీ లోపు మామూలు డీజిల్ పంపు ఉన్నదైతే 15డబ్ల్యూ-40, సీఐ-4 లేదా సీఐ-4 ప్లస్ తీసుకోండి. సీఎఫ్-4 చవకగా దొరుకుతుంది గానీ, మిగిలే డబ్బు ఇంజిన్‌కు జరిగే నష్టానికి సరిపోదు. 50 హెచ్‌పీ దాటినవాటికి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాయి. ఆ బండ్లలో చాలావాటికి కామన్ రైల్ ఇంజెక్షన్ (ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి), పొగను శుద్ధి చేసే పరికరాలు ఉంటాయి. వాటి మాన్యువల్ సీకే-4 అడిగితే సీకే-4 మాత్రమే. ఇక్కడ బేరాలు వద్దు.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది డూప్లికేట్ ఆయిల్. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలో వాడేసిన ఆయిల్‌ను వడగట్టి నింపి అమ్మేవాళ్లున్నారు. మూత కింద సీలు అతికి ఉందా, మూత చుట్టూ రింగు తెగకుండా ఉందా, బ్యాచ్ నంబరు చెరిపినట్టుందా చూసుకోండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న షాపులో కొనకండి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఎంత తక్కువకు వచ్చినా వద్దు. మీ ఖాళీ డబ్బాను పాత సామాను వాళ్లకు వేసేముందు మేకుతో నాలుగు చోట్ల పొడవండి. మీ డబ్బా ఇంకో రైతు ఇంజిన్‌ను చంపకూడదు.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల జిల్లా. మా ఆయన గల్ఫ్‌లో ఉంటరు, ట్రాక్టర్ సంగతి నేనే చూసుకుంటున్న. మా డ్రైవర్ పొద్దుగాల ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్ట్ చేస్తున్నడు. ఒక్కోసారి ఏదో స్ప్రే కొడుతున్నడు. వద్దంటే 'అందరూ ఇట్లనే చేస్తరక్కా' అంటడు. ఇప్పుడు అది లేకపోతే బండి లేస్తనే లేదు.

జవాబు: చెల్లెమ్మా, ఆ పని రేపటి నుంచే ఆపించండి. మీరు అడ్డు చెప్పడం నూటికి నూరుపాళ్లు సరైనది. అందరూ చేస్తారన్నది నిజమే, అందుకే మా షెడ్డులో విరిగిన పిస్టన్లు అన్ని ఉంటాయి.

డీజిల్ ఎప్పుడు మండాలో పంపు నిర్ణయిస్తుంది. పిస్టన్ పైకి చేరే వేళకు కొలత ప్రకారం నాజిల్ కొడుతుంది. పెట్రోలు ఆవిరిగానీ, స్ప్రేలో ఉండే ఈథర్‌గానీ గాలితోపాటే లోపలికి పోతాయి. అవి పంపు మాట వినవు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒక్కసారిగా అంటుకుని దాన్ని కిందికి తన్నుతాయి. పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడుల మధ్య అంచులు పగులుతాయి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. గాలి పోయే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో హీటరు ఉండి అది ఎర్రగా కాలుతుంటే మంట వెనక్కి ఎయిర్ క్లీనర్ దాకా వస్తుంది. అక్కడ గుడ్డ పట్టుకుని ఉన్నది మీ డ్రైవర్. అతని మొహం, చేతులు కాలితే ఆ ఇంటికి ఎవరు దిక్కు? అతనికి ఈ మాటే చెప్పండి, బండి పాడవుతుందన్న మాటకన్నా ఇది వింటాడు.

'అది లేకపోతే లేవట్లేదు' అన్నారు. ఇంజిన్‌కు పెట్రోలు అలవాటు కాలేదు, లోపల కంప్రెషన్ తగ్గుతోంది. పెట్రోలు ఆ లోపాన్ని కప్పిపెడుతూ దాన్ని ఇంకా పెంచుతోంది. నమ్మకమైన మెకానిక్‌తో ఈ వరసలో చూపించండి: ముందు పైన ఇచ్చోడ తమ్ముడికి చెప్పిన బ్యాటరీ పరీక్ష, తర్వాత ఎయిర్ క్లీనర్ గిన్నెలో బురద, తర్వాత వాల్వ్ క్లియరెన్స్, నాజిళ్ల ప్రెజర్, ఆఖరున సిలిండర్ ఒక్కోదానికి కంప్రెషన్ గేజ్. గేజ్ పెట్టకుండా 'బోరుకు వచ్చింది, ఇంజిన్ దించాలి' అన్న మెకానిక్‌కు డబ్బులివ్వకండి. ఈలోగా పొద్దున పని ఆగకూడదంటే, రేడియేటర్‌లో మామూలు నీళ్లే ఉంటే అవి వదిలేసి, చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లు నింపి పది నిమిషాలాగి సెల్ఫ్ కొట్టించండి. మరిగే నీళ్లు వద్దు, చల్లటి ఇనుము పగలొచ్చు. ఆయిల్ ఛాంబర్ కింద మంట పెట్టడం కూడా ఎవరైనా సలహా ఇస్తారు. అదీ వద్దు. డీజిల్ చుక్కలు, గడ్డి, మంట ఒకచోట చేరితే ట్రాక్టర్‌తోపాటు కొట్టం కూడా పోతుంది.

ప్రశ్న: జైనథ్ మండలం మాది. దసరాకు ముందే డ్రమ్ము డీజిల్ తెచ్చి పెట్టుకున్న. ఇప్పుడు తెల్లారుజామున బండి లేస్తది, కానీ రెండు నిమిషాలకే గుక్క పట్టి ఆగిపోతది. తొమ్మిది దాటినంక ఏ బాధా లేదు.

జవాబు: మీ బండిలో కన్నా డ్రమ్ములోనే దోషం ఉన్నట్టుంది. డీజిల్‌లో సహజంగా మైనం ఉంటుంది. చలికి సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు ఆ మైనం పలుకులు కట్టి ఫిల్టరు కాగితాన్ని మూసేస్తుంది. పైపుల్లో ఉన్న కాస్త డీజిల్‌తో ఇంజిన్ లేస్తుంది, అది అయిపోగానే ఆగుతుంది. మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 ప్రమాణం ఉంది. అందులో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు డీజిల్, మిగతా నెలల్లో వేసవి డీజిల్. చలికాలపుది 6 డిగ్రీల దాకా ఫిల్టరును మూసేయకూడదు. వేసవి డీజిల్‌కు ఆ హద్దు 18 డిగ్రీలే. మీరు దసరాకు ముందు తెచ్చింది వేసవి డీజిల్. మీ జైనథ్ తెల్లారుజాము దానికి ఎక్కువ చలి.

ఆ డ్రమ్ము పారేయక్కర్లేదు. బంకు నుంచి ఇప్పుడు తెచ్చిన డీజిల్ ట్యాంకులో పోసి పొద్దుటి పనికి వాడండి, డ్రమ్ముది మధ్యాహ్నం పనికి కొద్దికొద్దిగా కలిపేయండి. ఆగిపోయినప్పుడు ఫిల్టరు చుట్టూ వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుడితే సరిపోతుంది, మంట దగ్గరికి తేవద్దు. కిరోసిన్ కలపమని ఎవరో ఒకరు చెబుతారు. కలపకండి. పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్ ఆ గుణాన్ని తగ్గించి పంపును అరగదీస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, ఇవే లక్షణాలు ఫిల్టరులో నీళ్లున్నా, ఎయిర్ పట్టినా వస్తాయి. ముందు ఫిల్టరు కింది స్క్రూ వదిలి ఒక గాజు గ్లాసులో పట్టి చూడండి. గ్లాసు అడుగున నీళ్లు కనిపిస్తే అదే కారణం. చలికాలంలో పని ముగిశాక ట్యాంకు నింపి పెట్టే అలవాటు చేసుకుంటే లోపల చెమ్మ పట్టే చోటే ఉండదు.

ప్రశ్న: జనగామ నుంచి రాస్తున్నాను. మొన్న ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ తీసేశాడు. ఇప్పుడు ఎంతసేపు నడిపినా వేడి ముల్లు లేవట్లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పెరిగినట్టుంది. పెరగడం మంచిదే కదా?

జవాబు: ఆయిల్ తగ్గితే రైతు కంగారుపడతాడు, పెరిగితే సంతోషిస్తాడు. నిజానికి పెరగడమే ఎక్కువ ప్రమాదం. ఆయిల్ దానంతట అది పుట్టదు, అందులో డీజిలో నీళ్లో కలుస్తున్నాయి. ఆ స్థితిలో బండి నడపకండి.

థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీలు దాటాకే ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లను రేడియేటర్‌కు వదులుతుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే చల్లబడుతూ ఉంటాయి, ఇంజిన్ ఎప్పటికీ పనికి తగ్గ వేడికి రాదు. చల్లటి గోడల మీద డీజిల్ సరిగ్గా మండక రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది, చెమ్మ ఆవిరైపోక అక్కడే ఉండి జిడ్డు మడ్డి తయారవుతుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే థర్మోస్టాట్ లేకపోవడం ఒక కారణం కావచ్చు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు డయాఫ్రం రకమైతే దాని పొర చిల్లుపడి ఉండొచ్చు, నాజిల్ కారుతుండొచ్చు. ఆయిల్ తెల్లగా, పాలు కలిపినట్టుంటే నీళ్లు దిగుతున్నాయి, హెడ్ గాస్కెట్ చూడాలి. కారణం సరిచేశాకే ఆయిల్, ఫిల్టరు మార్చండి.

థర్మోస్టాట్ కొత్తది వేయించండి, అది పెద్ద ఖర్చు కాదు. మీ ఎండాకాలం వేడికి కారణం వేరే ఉంది. రేడియేటర్ సందుల్లో వరి నూగు పేరుకోవడం, ఫ్యాన్ బెల్టు వదులవడం, బోరు నీళ్ల సున్నం లోపల గడ్డకట్టడం, మా దగ్గర ఎక్కువ కనిపించేవి ఇవే. కూలెంట్ వాడితే ఈ సున్నం బాధ ఉండదు.

ప్రశ్న: లేచాక ఎంతసేపు అలా ఉంచి, తర్వాత పనికి దిగాలి? మా నాన్న అరగంట ఉంచుతారు. (హుజూరాబాద్)

జవాబు: నాన్నగారికి బండి మీద ప్రేమ ఎక్కువ, కానీ అరగంట వద్దు. రెండు మూడు నిమిషాలు చాలు. ఆయిల్ ప్రెజర్ లైటు ఆరిపోవాలి, ఇంజిన్ సమంగా తిరగాలి. తర్వాత మెల్లగా పొలానికి నడుపుకుంటూ పోతే దారిలోనే వేడెక్కుతుంది. ఊరికే తిరిగే ఇంజిన్ వేడెక్కదు, కార్బన్ పట్టిస్తుంది. ఇంకొకటి, చల్లటి ఆయిల్ చిక్కగా ఉన్నంతసేపు ఫిల్టరులోని బైపాస్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ వడకట్టకుండానే పోతుంది. అందుకే లేవగానే యాక్సిలరేటర్ గట్టిగా ఇవ్వకూడదు. టర్బో ఉన్న బండికి ఇది రెట్టింపు ముఖ్యం. ఆపేముందు కూడా టర్బోకు ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనివ్వండి.

ప్రశ్న: ఇంజిన్ ఆయిల్ మిగిలింది. గేర్‌బాక్సులో పోయవచ్చా? (ములుగు)

జవాబు: ఆయిల్‌లో మునిగిన బ్రేకులున్న బండిలో వద్దు. అందులో గేర్లకు, హైడ్రాలిక్‌కు, బ్రేకులకు కలిపి తయారుచేసిన యూటీటీఓ ఆయిలే పోయాలి. వేరేది పోస్తే బ్రేకులు అరుస్తాయి, జారతాయి. ట్రాలీ నిండా వడ్లు వేసుకుని వాగు దిగేటప్పుడు అది తెలుసుకోకూడదు.

ప్రశ్న: కొత్త ఆయిల్ పోసిన మూడు రోజులకే నల్లబడింది. నేను మోసపోయానా సార్? ఎన్ని గంటలకు మార్చాలి? (మహబూబాబాద్)

జవాబు: నల్లబడినంత మాత్రాన మోసం కాదు. డీజిల్ మండితే మసి వస్తుంది. దాన్ని గోడల మీద పేరుకోకుండా తనలో కలుపుకుని తిరగడం ఆయిల్ పని. పాత ఆయిల్ కొంత అడుగున మిగిలి ఉంటే మొదటి రోజే నల్లబడుతుంది. వేళ్ల మధ్య రాసినప్పుడు ఇసుకలా గరుకు తగిలినా, నీళ్లలా పల్చగా ఉన్నా, అప్పుడు అనుమానించండి.

కొత్త ట్రాక్టర్‌కు మొదటి 50 గంటలకు, తర్వాత చాలా మోడళ్లలో 250 గంటలకు మార్చమంటారు. మీ మాన్యువల్ ఏమంటే అదే. నడిచిన గంటలు చూపే పాత తరహా అవర్ మీటర్ ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, గడియారంలా కాదు, కాబట్టి మీటరు చూసే లెక్కపెట్టండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్ వచ్చి గంధకం 10 పీపీఎంకు తగ్గింది. దానివల్ల ఆయిల్‌లో ఆమ్లం తయారవడం తగ్గింది. అయితే మన దుక్కుల దుమ్ము తగ్గలేదు కాబట్టి గంటలు పొడిగించకండి. తక్కువ తిరిగిన బండికి కూడా ఏడాదికొకసారి మార్చండి. మార్చేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండగానే కారనివ్వండి, మడ్డి కూడా దిగుతుంది. ఫిల్టరు ప్రతిసారీ కొత్తది. కారిన పాత ఆయిల్ కాలువలోకో బావి దగ్గరో వదలవద్దు. డబ్బాలో పట్టి షెడ్డుకు తెచ్చివ్వండి, తీసుకునేవాళ్లున్నారు.

ప్రశ్న: తాళంతో సెల్ఫ్ తిరగకపోతే మా తమ్ముడు కింద నిలబడి సెల్ఫ్ మోటార్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి లేపుతున్నాడు. రోజూ అదే పని. నాకు భయంగా ఉంది. (భూపాలపల్లి)

జవాబు: మీ భయం నిజమైంది. ఈ నెల ఉత్తరాలన్నింట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటార్ మీది రెండు బోల్టులను కలిపితే తాళం, సేఫ్టీ స్విచ్ రెండూ పక్కకు పోతాయి. బండి గేరులో ఉన్నా ఇంజిన్ లేస్తుంది, లేవగానే కదులుతుంది. మీ తమ్ముడు నిలబడేది సరిగ్గా పెద్ద చక్రం ముందు. పక్కకు తప్పుకునే వ్యవధి కూడా ఉండదు. ట్రాక్టర్ల కింద పడి పోయిన ప్రాణాల్లో ఇలా పోయినవి కూడా ఉన్నాయి.

తాళంతో తిరగకపోవడానికి కారణాలు కొన్నే: అరిగిన స్విచ్, వదులైన సన్న వైరు, సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ పాడవడం, చెడిన సేఫ్టీ స్విచ్. ఎలక్ట్రీషియన్‌కు అది ఒక పూట పని. పక్క బండి నుంచి బ్యాటరీ వైర్లు వేసి లేపాల్సి వస్తే ముందు ప్లస్‌కు ప్లస్ కలిపి, మైనస్ కొనను మీ బ్యాటరీకి దూరంగా ఇంజిన్ బ్లాకుకు తగిలించండి. నిప్పురవ్వ బ్యాటరీ గ్యాసు దగ్గర రాకూడదు. తాళం తిప్పేవాళ్లు సీట్లో కూర్చునే తిప్పాలి.

రిపేరు అయ్యాక సేఫ్టీ స్విచ్‌ను మీరే పరీక్షించండి. చదునైన చోట, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, పార్కింగ్ బ్రేక్ బిగించి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. క్లచ్‌కు సేఫ్టీ స్విచ్ ఉన్న మోడల్ అయితే క్లచ్ తొక్కకుండా తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ కదలకూడదు. కదిలితే ఆ స్విచ్‌ను ఎవరో తీసేసి వైర్లు కలిపేశారు. మళ్లీ పెట్టించండి, అప్పటిదాకా ఆ తాళం మీ దగ్గరే ఉంచుకోండి.